ఎలుక పుచ్చకాయ

కిందటి వారం ఈ పేజీలో యతిప్రాసల గురించి ముచ్చటిస్తానని మాట ఇచ్చాను. పాఠకులు మన్నించాలి. యతిప్రాసలు వెయ్యేళ్ళ నుంచీ వున్నవి. ఇంకొక్క వారం ఆగితే వాటికి వచ్చే లోటేమీ లేదు. ఈ వారం మా వసారాలో ఒక మట్టి కుండీలో ఏడు మొలకలు లేచాయి. ఏడంటే ఏడే. వాటి కథ ముందు చెప్పుకుంటే గాని నాకు యతీ నిలవదు, ప్రాసా కుదరదు.

కథ మొదలయింది మాత్రం ఆ కుండీతో కాదు. మా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన వున్నాడు. నేను పద్యాలను నోట్లో వేసుకుని తిరిగినట్టు ఆయన విత్తనాలను జేబులో వేసుకుని తిరుగుతాడు. పోయిన శ్రావణమాసం మొదట్లో ఒకనాడు స్టాఫు రూములో నా చేతిలో చిన్న కాగితం పొట్లం పెట్టి, "మాస్టారూ, ఇవి మీ డాబా మీద వేయండి. మీరు జన్మలో చూడని కాయ కాస్తుంది" అన్నాడు. విప్పి చూద్దును గదా, ఎనిమిది గింజలు. దోసగింజలనే ఎవరో కుదించి పంపినట్టు వున్నాయి.

"పేరేమిటండీ?" అన్నాను. తెలుగు చదివినవాడికి ముందు పేరు కావాలి గదా.

"శాస్త్రీయమైన పేరు మెలోథ్రియా స్కాబ్రా. స్కాబ్రా అంటే గరుకైనది అని. 1866లో నోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడివాళ్ళు స్పానిష్ భాషలో ఎలుక పుచ్చకాయ అంటారు. ఇంగ్లీషువాళ్ళు కుకుంబరునూ మెలన్‌నూ కలిపేసి కుకమెలన్ అంటున్నారు."

"ఇది ఏ సంధి?"

"సంధీ కాదు, సంకరమూ కాదు. పేరు చూసి దోసకూ పుచ్చకూ పుట్టిన బిడ్డ అనుకుంటారు గాని, దాని జాతి వేరు. గుమ్మడి, బీర, కాకర, దోస, పుచ్చ వున్న పెద్ద కుటుంబంలోనిదే, అంతవరకే చుట్టరికం."

ఇంటికి వచ్చి మా ఆవిడకు ఈ ఉపన్యాసమంతా అప్పజెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, "ఇంట్లో వున్న ఎలుకలు చాలవనా, వాటికి పుచ్చకాయలు కూడా పండిస్తారు?" అన్నది. అయినా పాత బక్కెట్టు ఒకటి, పగిలిన కుండీ ఒకటి ఇచ్చింది. మా ఆవిడ నోరు వేరు, చెయ్యి వేరు.

పెంపకం సంగతి ఇల్లాళ్ళు అడుగుతారు గనుక ఇక్కడే చెబుతాను. ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి, అడుగున చిల్లు వున్న కుండీలో పోయాలి. గింజ వేలి కణుపులో సగం లోతు దిగితే చాలు. మొలక రావటానికి పది పన్నెండు రోజులు పట్టింది. ఎనిమిదింటికి అయిదు లేచాయి. వచ్చినవి నెల రోజుల పాటు కదలవు, మెదలవు. నేను రెండుసార్లు ఆశ వదులుకున్నాను. ఆ తరువాత ఏం బుద్ధి పుడుతుందో గాని, తీగ ఒక్కసారిగా పరుగు మొదలు పెడుతుంది. పిట్టగోడ మీది నుంచి కొబ్బరితాళ్ళు కట్టి పైకెక్కించాము. ఎనిమిది తొమ్మిది అడుగులు పాకింది. మన్ను తడి ఆరకూడదు, అలాగని నీళ్ళు నిలవనూ కూడదు. పూలు పసుపుపచ్చగా, ముక్కుపుడకంత వుంటాయి. ఒకే తీగకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఆడపూవును గుర్తుపట్టటం సులభం. రేకుల కింద చిట్టి కాయ ముందుగానే కూర్చుని వుంటుంది. ఇక పెళ్ళి పెద్దలు తేనెటీగలే. మూడంతస్తుల మీద వున్న మా డాబాకు అవి ఎవరు చెబితే వచ్చాయో తెలియదు.

దసరా వెళ్ళిన వారానికి తొలి కాయ కోశాను. పాఠకులు నమ్మాలి: అది అచ్చంగా పుచ్చకాయే. లేత ఆకుపచ్చ ఒంటి మీద ముదురు ఆకుపచ్చ చారలు, ఎక్కడి గీత అక్కడ. కాని నిలువు ఒక అంగుళం. పెద్ద ద్రాక్షపండు పక్కన పెడితే తోబుట్టువులంటారు. మా అమ్మాయి అరచేతిలో ఆరు పట్టాయి. తొక్క తీసే పని లేదు. కడిగి నోట్లో వేసుకోవటమే. పటుక్కుమంటుంది. లోపల లేత గింజలు, నీరు. మా ఆవిడ ఒకటి కొరికి, కాసేపు ఆలోచించి, "కీరాముక్క మీద నిమ్మరసం పిండినట్టుంది" అని తీర్పు చెప్పింది. గట్టిగా వున్నప్పుడే కోయాలి. ముదిరితే మెత్తబడి, గింజ పెరిగి, తానే రాలిపోతుంది. మర్నాడు గుప్పెడు కాయలను రెండేసి చెక్కలుగా కోసి, ఆవపిండి, ఉప్పు, కారం, నూనె కలిపి దోసావకాయ పెట్టినట్టే పెట్టింది. ఎలుకల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంతవరకూ వినోదం. ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి.

మా ఊరు పల్నాడులో వుంది. ఇప్పుడు మేము వుంటున్న పట్నం నుంచి బస్సులో రెండు గంటల దారి. నాన్నగారు పోయిన తరువాత, రెండేళ్ళ కిందట, పొలం కౌలుకిచ్చి అమ్మను ఇక్కడికి తీసుకు వచ్చాను. ఆవిడకు డెబ్బయి ఎనిమిదేళ్ళు. వచ్చిన మొదటి ఆరు నెలలూ బాగానే వున్నది. ఆ తరువాత మెల్లగా తిండి మానేసింది. పేచీ లేదు, అలక లేదు. "నోటికి రుచి తెలియటం లేదురా" అనటం, మజ్జిగ పోసుకుని నాలుగు మెతుకులు మింగి లేచిపోవటం. మా ఆవిడ చేయని వంట లేదు. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గింది. పరీక్షలన్నీ చేయించాము. డాక్టరుగారు కాగితాలన్నీ తిరగేసి, "జబ్బేమీ కనబడటం లేదు. ఆవిడ తినాలి. అంతే" అన్నారు. ఆ "అంతే" అన్న మాట వ్రాయటం తేలిక, మందుల షాపులో దొరకదు.

ఆ రోజు నాలుగు కాయలు పళ్ళెంలో పెట్టి అమ్మ ముందు పెట్టాను. ఒకటి తీసి, వేళ్ళ మధ్య తిప్పి, వెలుతురులో పట్టి చూసింది.

"ఇది మన బుడమకాయ కాదంట్రా?"

నేను లెక్చరరును గదా, ఊరుకుంటానా? మెక్సికో నుంచి మొదలు పెట్టి మెలోథ్రియా దాకా వచ్చాను. ఆవిడ అంతా విని, "మెక్సికోలో పుడితే మాత్రం మేనత్త పోలిక పోతుందా?" అన్నది. కాయ కొరికింది. "పులుపు వుంది. వాసన లేదు. బుడమకాయ పండితే ఇల్లంతా తెలిసేది." మిగిలిన సగం పళ్ళెంలో పెట్టి, ఎవరితోనో అన్నట్టు, "ఒక్క బుడమకాయ దొరికితే రెండు ముద్దలు తిందును" అన్నది.

మా ఆవిడా నేనూ మొహమొహాలు చూసుకున్నాము. ఆరు నెలలలో మా అమ్మ నోరు తెరిచి కావాలని అడిగిన మొదటి వస్తువు అది.

పట్నంలో పుట్టిన పాఠకుల కోసం రెండు ముక్కలు. బుడమకాయను ఎవరూ విత్తరు. తొలకరి పడగానే జొన్నచేలో, పత్తిచేలో, మిరపతోటలో తానే మొలిచి నేలమీద పాకుతుంది. కాయ నిమ్మకాయంత వుంటుంది, చారలు వుంటాయి. పచ్చిగా వుంటే వగరు, కొన్ని చేదు. పండి పసుపుపచ్చబడితే పులుపు, ఘుమఘుమ. పచ్చడి నూరుకుంటారు, పప్పులో వేస్తారు, చక్రాలుగా తరిగి ఉప్పు వేసి ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటారు. బడికి వెళ్ళే దారిలో మా జేబుల నిండా అవే వుండేవి. బుడతడు, బుడిపె, బుడ్డి అన్న మాటలు పక్కన పెట్టి చూస్తే, ఆ పేరు నోటికే గుండ్రంగా తగులుతుంది. ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతూ ఆ మాటను నేను ఒక్కసారి కూడా పలకలేదని అప్పుడే తట్టింది.

మర్నాడు కూరగాయల మార్కెట్టుకు వెళ్ళి అడిగాను. బుట్ట ముందు కూర్చున్నామె నవ్వింది. "అది అమ్ముకునే కాయ కాదండీ, ఏరుకునే కాయ" అన్నది.

కార్తిక సోమవారం సెలవు పెట్టి ఊరికి బయలుదేరాను. మా కౌలు రైతు చేల గట్టు మీద కనబడ్డాడు. సంగతి చెబితే చిన్నబుచ్చుకున్నట్టు చూశాడు. "ఇంకెక్కడి బుడమ మాస్టారూ! కలుపు మందు కొడుతున్నాం గదా, గడ్డిపోచ లేవదు. కూలివాళ్ళను పెట్టి కలుపు తీయిస్తే నాకు మిగిలేదేముంది?" అన్నాడు. అతని మాటలో తప్పు పట్టటానికి నాకు నోరు రాలేదు. మా చేను చూశాను. పత్తి సాళ్ళు, సాళ్ళ మధ్య దువ్వినట్టున్న నల్లమట్టి. నా చిన్నతనంలో ఆ సాళ్ళలో బుడమ తీగ కాళ్ళకు చుట్టుకునేది. కలుపు తీసే ఆడవాళ్ళు చేను చివర ఒకటో రెండో తీగలు కావాలనే వదిలి పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఎంత వెదికినా వొక్క ఆకు లేదు. ఆ చేను కౌలు డబ్బుతోనే మా అమ్మాయి ఫీజు కట్టాను. ఇక ఎవరి మీద కోప్పడను?

మూడు చేలు తిరిగాను. మధ్యాహ్నమయింది. ఊళ్ళోకి వచ్చి అరుగు మీద కూర్చుంటే, పూర్వం అమ్మతో పాటు కలుపు తీసిన ముసలామె చూసి పలకరించింది. "ఏం బాబూ, అమ్మ బాగుందా?" బాగాలేదని చెప్పాను. ఎందుకు వచ్చానో చెప్పాను. ఆమె కర్ర అందుకుని, "లే, పోదాం పా" అన్నది.

చెరువుకట్ట వెనక రాళ్ళగుట్ట వున్నది. అక్కడ దున్నేది లేదు, మందు కొట్టేది లేదు. ముళ్ళకంప కింద, మేకల నోటికి అందని చోట, ఒక తీగ. దానికి అయిదు కాయలు. నేను వంగి గబగబా మూడు కోసి నాలుగోదాని మీద చెయ్యి వేసేసరికి ఆమె కర్రతో నా చెయ్యి మీద తట్టింది. "అన్నీ కోయబాక బాబూ. రెండు వుండనియ్. వచ్చే యేటికి వుండొద్దూ?"

నేను ఎం.ఏ. చదివాను. నాకు ఆ మాట తట్టలేదు.

రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి మూడు కాయలూ అమ్మ ఒడిలో పెట్టాను. ఆవిడ ముందు వాసన చూసింది. చాలాసేపు చూసింది. మొదటిది గోటితో గిల్లి నాలుక కొసకు తగిలించి, వెంటనే ఉమ్మేసి, "చేదు. పారెయ్" అన్నది. తరువాత మా మిత్రుడు చెప్పాడు, దోస, సొర, బీర కుటుంబంలో ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలదట. మోతాదు మించితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనుక ఈ జాతి కాయ ఏదైనా సరే, విపరీతమైన చేదు తగిలితే మొగమాటం లేకుండా పారవేయాలి. అమ్మకు ఆ పదార్థం పేరు తెలియదు. ఆ పని మాత్రం డెబ్బయి ఏళ్ళుగా తెలుసు.

రెండోది మంచిదని తేలింది. "అమ్మాయ్, దీన్ని సన్నగా తరిగి నూనెలో మగ్గనియ్యి. రెండు పచ్చిమిరపకాయలు, కొంచెం చింతపండు. రోట్లో నూరు, ఆ మిషనులో వేయకు" అని మా ఆవిడకు పురమాయించింది. "అలాగే అత్తయ్యా" అని మా ఆవిడ ఎన్నడూ లేనంత వినయంగా రోలు కడిగింది. ఒక్క కాయ పచ్చడి ఎంతవుతుంది? ఉసిరికాయంత ముద్ద అయింది. అమ్మ పీట వేయించుకుని కూర్చుని, వేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకున్నది. ఆవిడకు తెలియకుండా లెక్క పెట్టాను. ఏడు ముద్దలు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో మొహం తుడుచుకున్నది.

మూడో కాయ అన్నిటికన్నా మాగింది. ఇల్లంతా దాని వాసనే. "అదీ చేయనా అత్తయ్యా?" అంటే అమ్మ తల అడ్డంగా వూపింది. "అది విత్తనానికి. మంచిదాన్ని తినేస్తే మిగిలేది చేదేగా?" అన్నది. ఆ ముసలామే, ఈవిడా ఒక్క బడిలోనే చదువుకున్నారన్నమాట.

మర్నాడు ఈ కథంతా మిత్రుడికి చెప్పాను. కలుపు మొక్క కోసం సెలవు పెట్టానని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మాస్టారూ, బుడమ సామాన్యమైనది కాదు. మనం కొనుక్కునే ఖర్బూజా, ఈ బుడమ ఒకటే జాతి. దోసకూ ఖర్బూజాకూ అడవిచుట్టాలు ఆసియాలోనూ ఆస్ట్రేలియాలోనూ వున్నాయని 2010లో పరిశోధకులు తేల్చారు" అని, ఒక సంగతి చెప్పాడు. 1925లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఇంపీరియల్ లోయలో ఖర్బూజా తోటలకు బూడిద తెగులు తగిలింది. అక్కడి రకాలు దానికి తట్టుకోలేకపోయాయి. చివరకు మన దేశం నుంచి వెళ్ళిన ఖర్బూజా జాతి విత్తనంలో ఆ తెగులుకు ఎదురు నిలిచే గుణం కనబడింది. దానితో సంకరపరచి, 1936లో తెగులు తట్టుకునే కొత్త రకాన్ని విడుదల చేశారు. ఆ విత్తనం బుడమ అని నేను అనటం లేదు. కాని పనికిమాలినదని మనం తొక్కుకుంటూ పోయే తీగలో ఏమున్నదో అవసరం వచ్చినదాకా తెలియదు, ఆ అవసరం నాటికి తీగ వుండాలి.

పెరటి చెట్టు మందుకు రాదని మనకొక సామెత. నేను మెక్సికో తీగకు కొబ్బరితాళ్ళు కట్టి, పేరు తెలుసుకుని, పుట్టిన సంవత్సరం తెలుసుకుని మురిసిపోయాను. ఎలుక పుచ్చకాయను నేనేమీ నిందించను. దాని పుణ్యానే అమ్మ నోట బుడమ మాట వచ్చింది. ఇప్పటికీ మా అమ్మాయి కాలేజీ నుంచి రాగానే డాబా ఎక్కి గుప్పెడు తెచ్చుకుంటుంది.

ఆ మూడో కాయ గింజలను అమ్మ నీళ్ళలో కడిగి, బూడిదలో పొర్లించి, నీడన ఆరబెట్టి, తన పాతచీర ముక్కలో మూటగట్టింది. కొన్ని మా మిత్రుడికి ఇచ్చాను. దేశవాళీ విత్తనాలను భద్రపరిచే జాతీయ సంస్థకు హైదరాబాదు రాజేంద్రనగరంలో ప్రాంతీయ కేంద్రం వున్నదట, వాళ్ళకు వ్రాస్తానన్నాడు. మిగిలినవాటిలో ఇరవై గింజలు సంక్రాంతి వెళ్ళిన తరువాత కుండీలో వేశాము. అమ్మ మెట్లు ఎక్కకూడదు గనుక కుండీ డాబా మీద కాక వసారాలో ఎండ తగిలే మూల పెట్టాము. అవే ఈ ఏడు మొలకలు.

ఇక్కడితో అమ్మ కోలుకున్నదని వ్రాస్తే కథ అందంగా వుంటుంది గాని అబద్ధమవుతుంది. ఆ ఏడు ముద్దల మర్నాడు మళ్ళీ మజ్జిగా మెతుకులే. కాని పొద్దున్నే లేచి వసారాలోకి వచ్చి కూర్చుంటున్నది. కాఫీ అక్కడికే తెమ్మంటున్నది. మొలకలు లెక్కపెడుతున్నది. మొన్న పప్పు రెండోసారి వేయించుకున్నది. కిందటి నెలకు ఒక కిలో పెరిగింది. డాక్టరుగారు ఏమి మందు వాడారని అడిగారు.

పాఠకులలో పొలాలున్నవారు చాలామంది వుంటారు. కలుపు మందు మానమని చెప్పటానికి నాకు ముఖం లేదు. నా చేనే అందుకు సాక్షి. ఒక్కటే మనవి. చేను మూల, గట్టు పక్కన, మందు పడని జానెడు నేల వదలండి. అక్కడ బుడమ కనబడితే కొన్ని కోసుకోండి, రెండు వుండనివ్వండి. మా కౌలు రైతుకు కూడా ఈ మాటే చెప్పాను. ఈశాన్యపు మూల రెండు సాళ్ళు వదులుతానన్నాడు, ఆ మేరకు కౌలు తగ్గించుకోమన్నాడు. తగ్గించుకున్నాను.

వచ్చే వారం తప్పకుండా యతిప్రాసలు.